అప్పా తప్పిపోయిన దగ్గర్నించి గుంట సరిగ్గా అన్నం తినట్లేదు. మిగతావి చూపించమంటారా, ఆపేయమంటారా?

కిమిడి_కోడలు
మా గుంటకి ఎనిమిదేళ్ళు. నెలరోజులుగా రాత్రి అన్నాలయ్యాక రోజుకో ఎపిసోడు చొప్పున ఇద్దరం 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' చూస్తున్నాం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బొమ్మలు మాట్లాడేది ఇంగ్లీషు. అందుకని పక్కన కూర్చుని నేనే తెలుగులో చెప్తుంటాను. అందులో ఆంగ్ అనే పిల్లాడూ వాడి స్నేహితులూ ఎక్కి తిరిగే ఎగిరే దున్న పేరు అప్పా. అత్తగారు వంటింట్లోంచి వింటూ, కథ రసపట్టులో పడితే చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడతారు.

మొన్న రెండో భాగంలో పదోది చూశాం. ఎడారిలో ఆ గుడ్లగూబ దేవర గ్రంథాలయం ఇసకలోకి కుంగిపోతోంది. లోపల ఆంగ్, కటారా, సొక్కా. బయట చూపులేని పిల్ల టోఫ్ ఒక్కర్తే గోపురాన్ని దిగిపోకుండా పట్టి ఆపుతోంది. సరిగ్గా అప్పుడే ఇసక మనుషులొచ్చి అప్పాకి తాళ్ళు బిగించి లాక్కుపోయారు. గోపురం వదిలితే లోపలివాళ్ళు పోతారు, వదలకపోతే అప్పా పోతుంది. గుంట మంచం మీద నిలబడి "తెంపుకో, తెంపుకో" అని అరిచింది. ఆ రాత్రి నిద్రపోలేదు.

మర్నాడు బళ్ళో టీచరుకి "అప్పా హజిగలా", అంటే అప్పా తప్పిపోయింది, అని చెప్పి ఏడ్చిందట. ఒడియాలో అపా అన్నా అక్కే, మన వైపు అప్ప అన్నా అక్కే కదా. టీచరు కంగారుపడిపోయి నాకు ఫోను చేసి, మీ పెద్దమ్మాయి ఎప్పట్నించి కనపడటం లేదండీ అని అడిగింది. మాకున్నది ఇదొక్కర్తే.

అసలు సంగతి వేరే ఉంది. దసరా తర్వాత మా పెయ్యని సంతలో అమ్మేశాం. గౌరి దాని పేరు. గుంటకి మాత్రం అత్తవాళ్ళ ఊరు పంపామని చెప్పాం. నిన్న పడుకునే ముందు అడిగింది, "గౌరిని కూడా తాళ్ళేసే లాక్కెళ్ళారా అమ్మా?" అని. నాకు నోట మాట రాలేదు.

ముందు ఇంకా ఏముందో నాకు తెలీదు. చూసినవాళ్ళు చెప్పండి: ఆపేయాలా, అప్పా దొరికే ఎపిసోడుకి దాటించేయాలా? అసలు దొరుకుతుందా? ఎలాగో చెప్పొద్దు, అవునో కాదో చెప్పండి చాలు.

బరంపురం_అప్పడాలు
దొరుకుతుంది. ప్రాణానికి ఢోకా లేదు. ఈ మాట ఇప్పుడే వెళ్ళి పిల్లకి చెప్పి అన్నం పెట్టండి, తర్వాత వచ్చి మిగతాది చదవండి.

నాగావళి_గట్టు
దాటించేయండి. పదహారోది మొత్తం అప్పా తప్పిపోయాక పడ్డ పాట్లే. సర్కసులో కొరడాతో కొడతారు. మా వాడికి ఏడేళ్ళప్పుడు చూపించి తప్పు చేశాను, వారం రోజులు నిద్రలో ఉలిక్కిపడేవాడు. పదిహేడులో కలుస్తారు, నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

బరంపురం_అప్పడాలు
నాగావళి గారూ, ఆవిడ ఎలాగో చెప్పొద్దన్నారు, మీరు కొరడాలూ ఎపిసోడు నంబర్లూ అన్నీ చెప్పేశారు.

నాగావళి_గట్టు
ఎవరు విడిపిస్తారో చెప్పలేదుగా.

బరంపురం_అప్పడాలు
"ఎవరో విడిపిస్తారు" అని ఇప్పుడు చెప్పారు!

వంశధార_మాస్టారు
గుణుపురంలో ఉంటాను, రిటైరయ్యాను. మనవడితో కలిసి మొత్తం అరవై ఒక్క ఎపిసోడ్లూ రెండుసార్లు చూశాను. నాగావళి గారి భయం నాకు తెలుసు, అయినా ఒప్పుకోను. దాటించొద్దు.

పిల్లల్ని పీడించేది చూసిన కష్టం కాదమ్మా, చూడని కష్టం. అప్పా ఎటుపోయిందో తెలీనన్నాళ్ళూ మీ పాప తన బుర్రలో దానికి ఎన్ని హింసలు పెడుతుందో మీకు తెలీదు. పదహారోది చూస్తే ఆ హింసలకి ఒక హద్దు ఏర్పడుతుంది. ఇంత జరిగింది, ఇంతకంటే జరగలేదు అని తెలుస్తుంది. పైగా దారిలో దానికి మంచి చేసినవాళ్ళూ ఉన్నారు. సర్కసులో ఒక కుర్రాడు, తర్వాత గాయాలు కడిగే ఆడపిల్లలు. దాటించేస్తే పాపకి వాళ్ళు తెలీరు, కొరడా ఒక్కటే ఊహలో ఉండిపోతుంది.

మధ్యలో పదకొండు కూడా వదలొద్దు. ఆంగ్ కోపం పట్టలేక, ఉన్న శక్తులన్నీ ఒక్కసారి పొంగే అవతార స్థితిలోకి వెళ్ళి ఇసకతుపాను లేపేస్తాడు. కటారా పారిపోదు. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని కిందికి దింపి కావలించుకుంటుంది. ఆవిడకి అప్పుడు పద్నాలుగేళ్ళు. మీ పాప మంచం మీద నిలబడి అరిచినప్పుడు మీరు చెయ్యాల్సింది కూడా అదే.

గౌరి సంగతి మాత్రం నిజం చెప్పేయండి. అడిగింది కదా, అంటే అబద్ధం దానికి ఎప్పుడో తెలిసిపోయింది.

సిరోంచ_పిలగాడు
మాస్టారు చెప్పిన దాంట్ల నిజమున్నది. 2022 జులైల గోదారి మీదికొచ్చినప్పుడు మేం ఊరు ఇడిసి పోయినం. బర్రెకు పలుపు కోసి ఇడిసిపెట్టినం, కట్టేసి ఉంచితె మునిగి సస్తదని. నీళ్ళు తీసినంక వచ్చి సూస్తె లేదు. మా అవ్వ ఇప్పటికీ సంతల బర్రెను సూస్తె కొమ్ములు సూస్తది, మనదేనేమో అని. సచ్చిందని తెల్సినా అయిపోవు. తెల్వకపోవుడే అయిత లేదు.

నేను ఆ పదహారో ఎపిసోడు అవ్వకు సూపించిన. ఏం మాట్లాడలె. అయిపోయినంక "మనది గూడ గట్లనే ఎవలింటికన్న పోయి ఉంటది" అన్నది.

కిమిడి_కోడలు
సిరోంచ తమ్ముడూ, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మీ అవ్వగారికి నా దండాలు.

అన్నం తింది. దొరుకుతుందని చెప్పాను. పదకొండు ఇవాళ చూస్తాం.

ఇంకో తగువు వచ్చింది. గుంటకి టోఫ్ మీద కోపం. "అదే వదిలేసింది అప్పాని" అంటోంది. ఆంగ్ కూడా అలాగే తిడతాడా?

ధర్మాబాద్_మిర్చి
తిడతాడు. నాకు ఆంగ్ మీద కోపం వచ్చిన ఒకే ఒక చోటు అది.

టోఫ్ పాదాలతో చూస్తుంది. నేల కదలిక కాళ్ళకి తెలుస్తుంది, దాన్నిబట్టి ఎవరెక్కడున్నారో పట్టేస్తుంది. ఇసక వదులుగా ఉంటుంది కాబట్టి ఎడారిలో ఆమెకి అంతా మసక మసక. అంత మసకలో, రెండు చేతులూ గోపురానికి అంకితమై ఉండగా, ఇంకేం చెయ్యగలదు? మీ పాపని ఒక్కసారి కళ్ళకి గంతలు కట్టుకుని, రెండు చేతులతో నిండు బిందె పట్టుకుని, ఇల్లు దాటుతున్న పిల్లిని పట్టమని అడగండి.

నాకింత పట్టుదల ఎందుకంటే మా చెల్లికి పుట్టుకతో చూపులేదు. ఇక్కడ ఒక మరాఠీ బడిలో చేర్చుకోమని అడిగితే, పడిపోతే మాది బాధ్యత కాదన్నారు. ఇంట్లోనూ అంతే, పదిహేనేళ్ళు వచ్చేదాకా గడప దాటనివ్వలేదు. రెండో భాగం ఆరో ఎపిసోడు నేను వినిపించాను. టోఫ్ కుస్తీలో పెద్దపెద్ద మల్లుల్ని పడగొడుతుంది, తండ్రి కళ్ళారా చూస్తాడు. చూసి గర్వపడడు. ఇన్నాళ్ళూ నీకు మరీ స్వేచ్ఛ ఇచ్చేశాను అని కాపలా పెంచుతానంటాడు. మా చెల్లి అక్కడ ఆపమంది. "బాపు కూడా ఇదే అన్నడు" అంది. బాపు పక్క గదిలోనే ఉన్నారు.

ఆ మరుసటి వారం నుంచి బజారుకి కర్ర పట్టుకుని తనే వెళ్తోంది. బాపు నాలుగడుగుల వెనక నడుస్తారు, తనకి తెలీదనుకుంటారు. తనకి తెలుసు. చెప్పుల చప్పుడు.

బరంపురం_అప్పడాలు
చెప్పుల చప్పుడు దగ్గర నా కళ్ళు చెమర్చాయి.

నాగావళి_గట్టు
మిర్చి గారూ, టోఫ్‌కి నేల విద్య నేర్పింది కూడా చూపులేని జంతువులే కదా, నేలలో బొరియలు తవ్వేవి. మనుషులెవరూ నేర్పలేదు. మీ చెల్లికి ఇది తప్పకుండా చెప్పండి. రెండో భాగం చివరిదాకా వినిపించండి, ఆ పిల్ల ఇనుముతో చేసేది వినాలి.

కిమిడి_కోడలు
బిందె ఆట ఆడించాను. పిల్లి దొరకలేదు, వరండా అంతా నీళ్ళు. టోఫ్ మీద కోపం పోయింది.

ఇప్పుడు రెండో సందేహం. వీళ్ళు నీళ్ళనీ నిప్పునీ నేలనీ గాలినీ చెప్పినట్టు కదిలించే 'బెండింగ్'ని తెలుగులో మీరంతా ఏమంటున్నారు? నేను "నీటి విద్య, నిప్పు విద్య" అంటున్నాను. అత్తగారు మొదటిరోజే "ఇది చిల్లంగేటే?" అనేశారు, చేతబడి అనుకుని. గుంట బళ్ళో ఆ మాట అంటే బాగోదు.

వంశధార_మాస్టారు
ఆ మాట మాత్రం పిల్లల నోట పడనీయొద్దు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మన సరిహద్దు ఊళ్ళలో అమాయకుల్ని కొట్టి చంపిన కేసులున్నాయి. ఈ సిరీస్‌లో విద్య వేరు, దుర్వినియోగం వేరు అని స్పష్టంగా చూపిస్తారు. మూడో భాగంలో పౌర్ణమి రాత్రుల కథ ఒకటొస్తుంది, అప్పుడు అత్తగారికి ఆ తేడా చెబుదురుగాని.

భారతంలో దుర్యోధనుడు మడుగులో దాక్కున్నది జలస్తంభన విద్యతో. కాబట్టి జలస్తంభనం, అగ్నిస్తంభనం అనొచ్చనుకుంటా.

బరంపురం_అప్పడాలు
మాస్టారూ, స్తంభనం అంటే కదలకుండా నిలిపెయ్యడం. కటారా నీళ్ళని నిలపదు, ఆడిస్తుంది. వాళ్ళ భంగిమలన్నీ అసలైన చైనా విద్యలవి: నీటికి తాయ్ చీ, నేలకి హుంగ్ గార్, నిప్పుకి ఉత్తరాది షావొలిన్, గాలికి బా గువా. టోఫ్ ఒక్కదానికి వేరే, దక్షిణాది మిడత పోరు. మా మావయ్య పైకా అఖాడాలో కర్ర తిప్పేవాడు. ఆయన కటారాని చూసి "దీని నడుములో బలముంది, చేతిలో కాదు" అన్నాడు. నీటి ఆట, నిప్పు ఆట అందాం.

నాగావళి_గట్టు
ఆట అంటే తేలికైపోతుంది. ఆ నిప్పుతోనే నిప్పు దేశపు రాజకుమారుడు జూకో ముఖం సగం కాలింది, అదీ కన్నతండ్రి చేతిలో.

సిరోంచ_పిలగాడు
మా దిక్కు పొలానికి నీళ్ళు మలుపుడు అంటం. కాల్వల పోయే నీళ్ళను మన మడిలకు తిప్పుడు. నీళ్ళు మలిపేటోళ్ళు, నిప్పు మలిపేటోళ్ళు, మన్ను మలిపేటోళ్ళు, గాలి మలిపేటోళ్ళు. సెరువు తూము కాడ నీళ్ళు ఇడిసేటాయనను నీరటి అంటం. కటారా అంటే నీరటోళ్ళ పిల్ల. మా అవ్వకు గిట్లనే చెప్పిన, మల్ల అడగలె.

వంశధార_మాస్టారు
నా దుర్యోధనుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను. మలపడం! ఇంత మంచి మాట చేతిలో పెట్టుకుని సంస్కృతం వెతికాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి కోడలికి వాడుక మాట కాదని స్తంభనాలు నేర్పబోయాను. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయనుంటే సిరోంచ పిలగాడి మాటే ఖాయం చేసేవారు.

కిమిడి_కోడలు
"నీళ్ళు మలిపే పిల్ల" అన్నాను. అత్తగారు "ఆఁ, మడికి మళ్ళించినట్టు" అని తల ఊపేశారు. చిల్లంగి మాట మళ్ళీ రాలేదు.

బరంపురం_అప్పడాలు
పదిహేనోది చూశారా? ఒక్కో మనిషిదీ చిన్న చిన్న కథ, ఊరి పేరు బా సింగ్ సే. అది చూసే రోజు అత్తగారిని వంటింట్లో ఉండనివ్వకండి.

కిమిడి_కోడలు
నిన్న చూశాం. ఏం చెప్పాలి.

ముసలాయన ఐరో పొద్దున్నే బుట్ట పట్టుకుని బయల్దేరతాడు. ఏడుస్తున్న పిల్లాణ్ణి పాట పాడి ఊరుకోబెడతాడు. కత్తి చూపించి దోచుకోబోయినవాడికి సరిగ్గా నిలబడటం నేర్పి, టీ ఇచ్చి, నువ్వు ఇంకేదైనా మంచి పని చెయ్యగలవని చెప్తాడు. గుంట పడీ పడీ నవ్వింది. తర్వాత కొండెక్కి, చెట్టు కింద చచ్చిపోయిన కొడుకు బొమ్మ పెట్టి, ఊదొత్తి వెలిగించి, పొద్దున పిల్లాడికి పాడిన పాటే పాడబోయి గొంతు పూడుకుపోయి ఏడ్చేశాడు. ఆ రోజు కొడుకు పుట్టినరోజట. ఊరందర్నీ ఓదార్చినవాడికి తన దగ్గరికొచ్చేసరికి ఎవరూ లేరు.

అత్తగారు గుమ్మంలోంచి లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ పెద్దకొడుకు, మా బావగారు, నేను ఈ ఇంటికి రాకముందే పోయారు. ఆవిడ ఆయన పేరెత్తగా నేనెప్పుడూ వినలేదు. నిన్న రాత్రి గుంటకి ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పారు. మహేంద్రతనయలో ఈత కొట్టడం, జామకాయలు దొంగిలించడం. రాత్రి పదకొండు గంటలు దాటేదాకా.

వంశధార_మాస్టారు
నేనూ చెప్పాలి. ఈ ఎపిసోడు సంగతి వస్తుందని మొదట్నించీ తెలుసు, మాట్లాడకూడదనుకున్నాను.

మనవడి తండ్రి, మా అబ్బాయి, ఇప్పుడు లేడు. ఆబ్దికం నాడు పిండం పెడతాను, బ్రాహ్మడికి దక్షిణ ఇస్తాను, అన్నీ పద్ధతిగా చేస్తాను. ఏడవలేదు, మనవడు చూస్తాడని. ఆ ఐరో కథ చూస్తున్నప్పుడు మనవడు నా వైపు తిరిగి "తాతా, నువ్వూ పాడొచ్చు" అన్నాడు. వాడికి అప్పుడు పదేళ్ళు.

ఐరోకి మొదట్లో గొంతిచ్చిన నటుడి పేరు మాకో. ఆయన 2006 జులైలో పోయారు. ఈ ఎపిసోడు వచ్చింది ఆ సెప్టెంబర్లో. ఐరో కథ చివర తెర మీద ఆయన గౌరవార్థం అని వేస్తారు. మూడో భాగంలో గొంతు మారుతుంది, గమనించండి. మారినవాళ్ళూ బాగా చెప్పారు, కాని మనవడు వెంటనే "ఈ తాత వేరే" అన్నాడు.

సిరోంచ_పిలగాడు
మాస్టారూ, మీరు పాడిన్రా?

వంశధార_మాస్టారు
పాడాను. వాడి నాన్నకి పాడిన జోలపాటే. సగం మర్చిపోయాను, మిగతా సగం ఊఁ ఊఁ అన్నాను.

ధర్మాబాద్_మిర్చి
...

నాగావళి_గట్టు
నేను మొదట దాటించమన్నాను. ఈ రెండు పోస్టులూ చదివాక మా వాడికి ఇప్పుడు పదేళ్ళొచ్చాయి కదా, మళ్ళీ మొదట్నించి చూపించాలనిపిస్తోంది. ఈసారి పక్కన కూర్చుంటాను. అప్పట్లో ఫోను చేతికిచ్చి నా పని నేను చేసుకున్నాను. వాడు ఉలిక్కిపడింది కొరడాకి కాదేమో, ఒక్కడే చూసినందుకేమో.

కాని ఎనిమిదేళ్ళకి అది కష్టమైన ఎపిసోడే. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

కిమిడి_కోడలు
నాగావళి గారూ, మీరు చెప్పింది నిజం. పదహారు కష్టమే అయింది. మూడుసార్లు ఆపాం. ఒకసారి గుంట ఆపమంది, రెండుసార్లు నేనే ఆపాను.

ఆపిన రెండోసారి గౌరి సంగతి చెప్పేశాను. సంతలో అమ్మామని, కొన్నది బేరగాడని, ఎక్కడుందో నిజంగా మాకు తెలీదని. అత్తగారి మందులకి డబ్బు కావాల్సి వచ్చిందని కూడా చెప్పాను. అది కొట్టలేదు, అరవలేదు. "దానికి గడ్డి ఎవరు వేస్తున్నారో తెలీదా?" అంది. తెలీదన్నాను. మిగతా ఎపిసోడు నా ఒళ్ళో కాదు, వాళ్ళ నాన్నమ్మ ఒళ్ళో కూర్చుని చూసింది. మర్నాడంతా వాళ్ళ నాన్నతోనూ నాతోనూ మాట్లాడలేదు.

వంశధార_మాస్టారు
మాట్లాడుతుంది. తొందరపెట్టకండి. మీరు నిజం చెప్పారు, దాని కోపం కూడా నిజమైనదే, ఉండనివ్వండి.

బరంపురం_అప్పడాలు
పదిహేడు చూశారా లేదా? నేను నాలుగు రోజులుగా నోరు కట్టుకుని కూర్చున్నాను.

కిమిడి_కోడలు
రాత్రి చూశాం. ఇప్పుడు మాట్లాడొచ్చు. విడిపించింది జూకో! మొదటి భాగమంతా ఆంగ్‌ని వెంటాడి వెంటాడి వేధించినవాడు! గుంట నోరు తెరిచేసింది. అత్తగారైతే "వాడి మామ్మ... కాదు, వాడి చిన్నాన్న పెంపకం" అన్నారు. ఐరో జూకోకి పెదనాన్న అవుతాడని చెప్పాను. "ఎవరైతే ఏటి, తండ్రి కాలిస్తే ఆయన కాపాడాడు" అన్నారు.

నాగావళి_గట్టు
ఇరవయ్యోది చూశాక అత్తగారు ఏమంటారో అదీ రాయండి. జూకో మీద నాకున్న కోపం అప్పుడు చెప్తాను.

బరంపురం_అప్పడాలు
మళ్ళీ మొదలెట్టారు!! ఆవిడ ఇంకా అక్కడికి రాలేదు!

నాగావళి_గట్టు
కోపం ఉందన్నాను, ఎందుకో చెప్పానా?

ధర్మాబాద్_మిర్చి
పందొమ్మిదిలో పతిక్ అని గురువు ఒకాయన ఆంగ్‌కి ఏడు చక్రాలు నేర్పుతాడు, అరటిపండూ ఉల్లిపాయా కలిపిన రసం తాగిస్తాడు. పాప చేసిమ్మంటే చెయ్యకండి. మేం చేశాం.

కిమిడి_కోడలు
అప్పా ఆంగ్ దగ్గరికి వచ్చి వాలినప్పుడు గుంట ఏడవలేదు. లేచి వెళ్ళి సాలలోంచి గౌరి మెళ్ళో గంట తెచ్చింది. అది అక్కడే రాటకి వేలాడుతోందని మాకెవరికీ గుర్తులేదు. కిటికీ ఊచకి కట్టింది. పొద్దున్న గాలికి మోగుతుంటే అత్తగారు కాసేపు అక్కడే నిలబడ్డారు.

బడికి వెళ్తూ నాతో మాట్లాడింది. వచ్చే సంతకి తనని కూడా తీసుకెళ్ళమంది. వెళ్తాం. కనపడదని చెప్పాను, అయినా చూడాలంది.

సిరోంచ తమ్ముడూ, మీ అవ్వగారు కొమ్ములు చూస్తారన్నారు కదా. గౌరికి నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. గుంట అదే చూస్తానంటోంది.

సిరోంచ_పిలగాడు
అవ్వకు సదివి వినిపించిన. మచ్చ ఒక్కటే సూస్తె సాలదట, మచ్చలు శానా పెయ్యలకుంటయట. పేరు పెట్టి పిలవమన్నది. పేరు గుర్తువడ్తె చెవులు తిప్పుతదట.